తమలపాకులో ఏరు

మా ఇంట్లో దేనికీ తాళం వేసే అలవాటు లేదు, ఒక్క ఇత్తడి పెట్టెకి తప్ప. అరచేతి వెడల్పు పెట్టె. అందులో కాటుకలాంటి నల్లటి ముద్ద ఉంటుంది. ఆముదపు దీపం మసిలో ఏవో వేర్లు నూరి కలిపి మా మామ్మ, అంటే మా నాన్న తల్లి, దాన్ని తయారుచేసేది. తమలపాకు మీద ఆ ముద్దని రూపాయి బిళ్ళంత రాసి, దీపం ముందు పెట్టి, ఒక ఆడపిల్ల చేత అందులోకి చూపిస్తారు. ఆ పిల్ల ఇంకా పెద్దమనిషి అయి ఉండకూడదు. పోయిన వస్తువు, పోయిన గొడ్డు, పోయిన మనిషి ఎక్కడున్నారో ఆ నలుపులో ఆ పిల్లకి కనబడుతుంది. దీన్ని అంజనం అంటారు. ఆరో ఏట నుంచి పన్నెండో ఏట దాకా మా ఇంట్లో ఆ పిల్లని నేనే.

సందు దాటితే గవ్వలోళ్ళ ఇల్లు. వాళ్ళు మాకు పరాయివాళ్ళు కారు. మా ముత్తాత పోయాక కొడుకులిద్దరూ పంచుకుంటే పెద్దాయనకి గవ్వలు వచ్చాయి, చిన్నాయనకి పెట్టె వచ్చింది. గవ్వలు వేసి వాళ్ళు మంచి రోజు, మంచి దిక్కు చెప్తారు. రాబోయేది వాళ్ళ వాటా, పోయింది మా వాటా. పంపకం అయిన రోజు నుంచి రెండిళ్ళ మధ్య మాటల్లేవు. ఉన్నదల్లా తిట్లే. ఆ ఇంటి పెద్దావిడా మా మామ్మా తోడికోడళ్ళు. పొద్దున్నే వీధి కుళాయి దగ్గర కలిసేవారు.

"నీ గవ్వలు సెప్పిన ముగూర్తానికి పెళ్ళి సేసుకున్నోడు మూడో నాడికి పెళ్ళాన్ని ఎతుక్కుంటా నా పెట్టికాడికొచ్చేడే," అనేది మా మామ్మ బిందె పెడుతూ.

"నీ పెట్టిలో సూసి దొరికిన గొడ్డు ఒక్కటుంటే సూపియ్యే. దాని పేడతో నా వాకిలి అలుక్కుంటాను," అనేది ఆవిడ.

కుళాయి దగ్గరున్న వాళ్ళందరూ నవ్వేవారు. నేను బిందె వదిలేసి ఇంట్లోకి పారిపోయేదాన్ని.

ఇంత తగువులోనూ రెండిళ్ళూ తప్పకుండా పాటించే కట్టుబాటు ఒకటుంది. ఒకింట్లో అడిగిన మాట రెండో ఇంట్లో అడగకూడదు. అడిగితే రెండు మాటలూ చెడిపోతాయని, అడిగినవాళ్ళకే కీడని చెప్తారు. వచ్చినవాళ్ళని గడప దగ్గరే, "ఎదురింట్లో అడిగేవా?" అని అడిగేవారు. అడిగితే వెనక్కి పంపేసేవారు. చిన్నప్పుడు అది భక్తి అనుకున్నాను. ఒకింటి మాటకి రెండో ఇంటి మాట అడ్డు రాకుండా మా పెద్దవాళ్ళు చేసుకున్న ఏర్పాటు అని అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నాకు తమలపాకులో ఎప్పుడూ ఏమీ కనబడలేదు.

మొదటిసారి కూర్చున్నప్పుడు దీపం మెరుపు కనబడింది, నా నుదుటి నీడ కనబడింది. అంతే. మామ్మ నా వెనక కూర్చుని, వీపు మీద బొటనవేలు ఆనించి అడిగేది. "మనిషి నిలబడ్డాడా, కూకున్నాడా?" నేను నిలబడ్డాడంటే, అది తనకి పనికొస్తే "ఊఁ" అనేది. పనికిరాకపోతే, "బాగా సూడు" అనేది, వేలు కొంచెం నొక్కేది. నేను కూర్చున్నాడనేదాన్ని. అప్పుడు "ఊఁ" వచ్చేది. మామ్మకి నిజంగా నమ్మకం ఉండేదో లేదో నాకు ఈ రోజుకీ తెలీదు. ఈ ఇంటి మేనకోడలే కాబట్టి తనూ చిన్నప్పుడు ఆకు ముందు కూర్చున్నదే. నాకు కనబట్టం లేదని ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది. కానీ లోపం నాదేననుకున్నాను. మిగతా పిల్లలందరికీ కనబడి ఉంటుంది, నా ఒక్కదాని కళ్ళే మొద్దు కళ్ళు అనుకుని, అది బయటపడకుండా ఆరేళ్ళు జాగ్రత్తగా కాపాడుకున్నాను.

నాకు మాట్లాడటం రాదు. వినడం వచ్చు. మంగళవారాలు వీధి అరుగు మీద జనం వంతు కోసం కూర్చునేవారు. అక్కడే ఓ మూల నేను హోంవర్కు రాసుకునేదాన్ని. తల ఎత్తని పిల్ల ముందు ఎవరూ మాట దాచుకోరు. ఆవు ఎవరి చేలో పడిందో, ఎవరి మీద అనుమానమో, అన్నీ లోపలికి రాకముందే అక్కడే చెప్పేసుకునేవారు. రాత్రి పడుకోబోయే ముందు అవన్నీ నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఎవరూ రాయమనలేదు. అప్పుడు మొదలైన డైరీ ఇప్పటికీ ఆగలేదు.

నాకు పదేళ్ళప్పుడు శాఖా గ్రంథాలయంలో ఒక నవల దొరికింది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. దాని పేరేమిటో తెలీదు. ఏటికి ఈ ఒడ్డున ఒక కుటుంబం, ఆ ఒడ్డున ఒక కుటుంబం. ఒక ఇంటివాళ్ళకి జరిగిపోయినవి కనబడతాయి, రెండో ఇంటివాళ్ళకి జరగబోయేవి కనబడతాయి. రెండిళ్ళకీ మూడు తరాల పగ. ఈ ఇంటి అమ్మాయికీ ఆ ఇంటి అబ్బాయికీ పదహారేళ్ళు. పెద్దవాళ్ళకి తెలియకుండా ఇద్దరూ చేతులు పట్టుకుంటే జరిగిందీ జరగబోయేదీ కలిసి ఒకేసారి కనబడుతుంది. నేను ఆ పుస్తకాన్ని మా సందు గురించి ఎవరో రాసినట్టు చదివాను. అందులో ఎవరూ ఎవరి వీపూ నొక్కరు. అందులో అందరికీ నిజంగానే కనబడుతుంది. పగ కూడా ఎంత శుభ్రంగా ఉండేదో! కుళాయి దగ్గర తిట్లు లేవు.

ఆ పుస్తకంలో పేజీల చివర్లు ఎవరో మడిచిపెట్టారు. ఎవరా అని చూస్తే గవ్వలోళ్ళ అమ్మాయి. నాకన్నా రెండేళ్ళు పెద్దది, వరసకి అక్క. వాళ్ళ నాయనమ్మ గవ్వలు వేస్తే చెదిరినవి ఏరి ఇచ్చే పని ఆ అమ్మాయిది. ఒక శనివారం నేను పుస్తకం తిరిగి ఇస్తుంటే నా వెనకే నిలబడి ఉంది. నేను ఇవ్వడం, తను తీసుకోవడం. మరుసటి శనివారం తను ఇవ్వడం, నేను తీసుకోవడం. చాలాకాలం మా స్నేహం అంతే. సందులో ఎదురుపడితే తలలు తిప్పుకునేవాళ్ళం.

ఆ ఏడాది నూకాలమ్మ జాతర అయిన మర్నాటి మంగళవారం, కోటవురట్ల అవతల పల్లె నుంచి ఒకావిడ వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. పిల్లల్లేరు. భర్త మా ఊరి బెల్లం మార్కెట్లో కలాసీ, దిమ్మలు లారీలకెత్తే పని. పన్నెండు రోజుల నుంచి ఇంటికి రాలేదు. అతని చొక్కా ఒకటి గుడ్డసంచిలో పెట్టుకుని తెచ్చింది. అరుగు మీద మాత్రం ఎవరితోనూ మాట్లాడలేదు. దాంతో లోపలికి వెళ్ళేసరికి నా దగ్గర ఏమీ లేదు.

మామ్మ ఆకు నా ముందు పెట్టింది. చొక్కా ఆవిడ ఒళ్ళో ఉంది.

"మనిషి కనబడతన్నాడా?"

"కనబడతన్నాడు."

"ఎక్కడ?"

వీపు మీద వేలు ఉంది. ఎదురుగా ఆవిడ నా నోటికేసే చూస్తోంది. అంతగా నన్ను ఎవరూ ఎప్పుడూ చూడలేదు. నాకు భయం వేసింది. ఆ భయంలో ముందు రోజు చదివిన పేజీ నోటికి వచ్చేసింది. "ఏరు. పెద్ద ఏరు. ఒడ్డున విరిగిపోయిన పడవ. దాని పక్కన కూకున్నాడు. చేతికి గుడ్డ కట్టుంది. పక్కన తెల్ల కుక్క."

"ఊఁ," అంది మామ్మ. ఆ 'ఊఁ'లో మెచ్చుకోలు నాకు తెలిసింది. అంత బొమ్మ కట్టినట్టు నేను అంతకుముందెప్పుడూ చెప్పలేదు.

"ఏ సేతికమ్మా?" అంది ఆవిడ.

"ఎడం చేతికి."

"బతికే ఉన్నాడా తల్లీ?"

"ఉన్నాడు."

"వత్తాడా?"

వేలు నొక్కింది. వస్తాడన్నాను. ఆవిడ నా రెండు పాదాలూ పట్టుకుంది. నాకు పదేళ్ళు.

తర్వాత ప్రతి ఏడాదీ జాతరకి ఊళ్ళోకి వచ్చి, అమ్మవారిని చూసుకుని, మా ఇంటికి వచ్చేది. నా కోసం అటుకులో, చెరకు ముక్కలో తెచ్చేది. ఆ ఏడాది ఏ ఏరు చూసి వచ్చిందో చెప్పేది. మొదట శారదా నది ఒడ్డున తుమ్మపాల వైపంతా నడిచింది. అక్కడ పడవలు లేవు. వరాహనది దగ్గర తెల్ల కుక్క కనబడితే దాని వెనక మధ్యాహ్నం దాకా తిరిగింది. "పెద్ద ఏరన్నావు కదా" అని ఒక ఏడు రాజమండ్రి వెళ్ళి గోదావరి ఒడ్డున రెండు రోజులుంది. అక్కడ విరిగిన పడవలు చాలా ఉన్నాయట. ఒక్కో పడవ దగ్గరా కూర్చుందట. నేను గది తలుపు వెనక నిలబడి ఇవన్నీ వినేదాన్ని. మామ్మ పిలిచినా కడుపు నొప్పని బయటికి వచ్చేదాన్ని కాదు. డైరీలో మాత్రం అన్నీ రాశాను. ఎవరూ చదవని చోట నిజం రాసుకుని నేను మంచిదాన్నే అనుకుంటూ బతికాను.

పన్నెండో ఏట నేను పెద్దమనిషినయ్యాను. స్నానం చేయించి బయటికి తెచ్చిన రోజు మామ్మ నా కళ్ళకేసి చూసి, "ఇంక నీ సూపైపోనాదే" అంది, సినిమా హాల్లో ఆట అయిపోయిందని చెప్పినట్టు. నాకు ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. తర్వాత చాలా ఏళ్ళు మా ఇంట్లో చూసే పిల్ల లేదు. పెట్టె తాళం తియ్యలేదు. కుళాయి దగ్గర ఎదురింటావిడ గొంతు పెరిగింది.

డిగ్రీలో చేరాక గవ్వలోళ్ళ అమ్మాయి, నేను ఒకే బస్సు. అప్పుడు మాట్లాడుకున్నాం. ఒకరోజు కాలేజీ రీడింగ్ రూములో నా పక్కన కూర్చుని, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే అడిగింది.

"తెల్ల కుక్క మన పుస్తకంలోది కదే?"

నేను నా పుస్తకం మూసేశాను.

"మీ ఇంట్లో నువ్వు చెప్పిన మర్నాడే సందంతా అనుకున్నారు. కుక్క అనగానే నాకు తెలిసిపోయింది. ఆ పేజీ చివర మడిచింది నేనే."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"నీకు ఇంకోటి చెప్పనా?" అంది. చెప్పింది. ఆవిడ మా ఇంటికి రావడానికి పదమూడు రోజుల ముందు ఆ మనిషి వాళ్ళింటికి వచ్చాడు. వెంట ఇంకో ఆడమనిషి ఉంది, నెలలు నిండుతున్నట్టుంది, అరుగు మీదే నిలబడింది. ఎటు వెళ్తే మంచిదని అడిగాడు. వాళ్ళ నాయనమ్మ గవ్వలు వేసి, ఉత్తరం మంచిది, గురువారం తెల్లవారుజామున బయల్దేరమంది. చెదిరిన గవ్వలు ఈ అమ్మాయే ఏరి ఇచ్చింది.

"అయితే మీకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు. ఆవిడ ఎనిమిదేళ్ళుగా ఏర్ల వెంట తిరుగుతోంది."

"ఆవిడ మీ ఇంట్లో అడిగింది, మా ఇంట్లో కాదు. మా ఇంటి మాట మేమెలా చెప్తాం? అయినా నన్నంటావేంటి, నీ కుక్క సంగతి నువ్వెందుకు చెప్పలేదు?"

ఆ నవలలో ఇద్దరూ చేతులు కలిపితే అంతా కనబడుతుంది. మేమిద్దరం ఆ రోజు బల్ల మీద మోచేతులు తగిలేంత దగ్గరగా కూర్చున్నాం. జరిగిందంతా మాకు కనబడింది కూడా. చేసింది మాత్రం ఏమీ లేదు. బెల్ కొట్టారు, క్లాసుకి వెళ్ళిపోయాం. తర్వాత ఆ అమ్మాయికి పెళ్ళై కె. కోటపాడు వెళ్ళిపోయింది.

డిగ్రీ అయ్యాక నేను ఒక నెట్ సెంటర్లో పనికి కుదిరాను. దరఖాస్తులు టైపు చేయడం, స్కాన్ చేయడం. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడక్కర్లేని పని. పోయిన చలికాలంలో ఒక పొద్దున్న కౌంటర్ ముందుకి ఒకావిడ వచ్చింది. సంచి చూసి గుర్తుపట్టాను. మోకాళ్ళు వంకర తిరిగాయి. చెరకు నరుకుడికి పిలవడం మానేశారట. ఒంటరి ఆడవాళ్ళకిచ్చే పింఛనుకి పెట్టుకోమని సచివాలయంలో చెప్పి పంపారు. దానికి ఒక కాగితం కావాలి: భర్త నన్ను విడిచి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు అని రాసి, కింద వేలిముద్ర వెయ్యాలి.

నేను టైపు చేసి, ప్రింటు తీసి, చదివి వినిపించాను. ఆవిడ ఇంకుప్యాడ్ వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

"విడిసి ఎల్లనేదు తల్లీ. రానేక ఆగిపోనాడు. సెయ్యి బాగోనేదు కదా."

"అలా రాస్తే పింఛను రాదు పిన్నీ."

"నానే నా సేత్తో విడిసేసేడని ఏలుముద్దరేత్తే, ఆడు రేపొచ్చి మొకమెలాగ సూపిత్తాను?"

మా ఓనరు లోపల్నుంచి, "పిన్నీ, లైను కాకినాడ దాకా వచ్చేసింది. ఏలేత్తే వెయ్యి, లేపోతే పక్కకెళ్ళి ఆలోచించుకో," అన్నాడు. వెనక నిలబడ్డ వాళ్ళు నవ్వారు. ఆవిడ పక్కకి వెళ్ళి జెరాక్సు మిషను దగ్గర స్టూలు మీద కూర్చుంది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. అదే సంచి. చొక్కా ఇంకా అందులోనే ఉందేమో నేను అడగలేదు.

టీ వేళకి ఆవిడ పక్కన కూర్చున్నాను. డైరీలో ఎన్నోసార్లు రాసిన వాక్యమే. పైకి అంటే ఇంత పొట్టిగా ఉంటుందని అనుకోలేదు.

"పిన్నీ, నాకు ఆకులో ఏమీ కనబడలేదు. ఏరు, పడవ, కుక్క, అన్నీ ఒక కథల పుస్తకంలోవి. నేను అబద్ధం చెప్పాను."

ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆవిడ టీ గ్లాసు కింద పెట్టి, నా తల నిమిరింది.

"పెద్దదానివైపోనావమ్మా. సూపు పోయినాక అలాగే అనిపిత్తాది. నిద్రలేసినాక కల గుర్తుంటాదా ఏటి?"

"కల కాదు పిన్నీ. అప్పుడే తెలుసు నాకు."

"అప్పుడు నీ కాళ్ళట్టుకున్నాను నాను. నాకు తెలీదా? ఆ సెప్పింది నువ్వు కాదు. నువ్వు ఒట్టి నోరివి."

ఇంక గత్యంతరం లేక రెండో మాట కూడా అన్నాను. "ఆయన వెళ్ళేముందు గవ్వలోళ్ళింటికి వెళ్ళాడంట. ఎదురింటి అమ్మాయే చెప్పింది. ఆయన వెంట—"

రెండు చేతులతో చెవులు మూసేసుకుంది. "ఆ ఇంటి మాట నా సెవినెయ్యకు. పెట్టికాడ అడిగేను నాను. రెండిళ్ళ మాటా సెడగొట్టి ఆడికేటైనా అయితే నువ్వొచ్చి బతికిత్తావా?"

అంతే. పదేళ్ళ పిల్ల అబద్ధాన్ని గోదావరి దాకా మోసిన మనిషి, ఆ పిల్లే పెద్దదై చెప్పిన నిజాన్ని స్టూలు మీంచి లేవకుండానే అవతల పారేసింది. తప్పు ఆవిడదీ కాదు. మాకు కనబడదని మేమే ఒప్పుకునే వయసులో, మా మాట చెల్లదని కట్టుబాటు రాసిపెట్టింది మా ఇల్లే.

వెళ్తూ వెళ్తూ ఆవిడ అంది: "మీ అన్న కూతురు సూత్తాదంట కదా. మంగళవారం వత్తాను. ఆ పిల్ల రాడని సెప్తే అప్పుడు ఏలేత్తాను. ఆ పిల్ల సెప్పాల."

మా అన్న కూతురికి ఏడేళ్ళు. అప్పటికి అయిదు నెలల ముందే మామ్మ పెట్టె మళ్ళీ తెరిచింది. అన్న వద్దనలేదు, వదిన వద్దంటే ఎవరూ వినలేదు. నేనూ వద్దనలేదు. గదిలో కూర్చుని పుస్తకం చదువుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం మేడ మీద దానికి తల దువ్వుతూ చెప్పాను. మంగళవారం ఒక మామ్మ వస్తుంది. వాళ్ళాయన గురించి అడుగుతుంది. బాగానే ఉన్నాడు, దూరంగా ఉన్నాడు, ఇంక రాడు అని చెప్పు. మన మామ్మ రెండోసారి అడిగినా, మూడోసారి అడిగినా అదే చెప్పు.

పిల్ల దువ్వెన పట్టుకుని ఆపింది. తర్వాత మెల్లగా, "అత్తా, నీకూ కనబడేది కాదా?" అంది.

"లేదమ్మా."

"నాకొక్కదానికే కనబట్టం లేదనుకున్నాను," అని నా ఒళ్ళో ముఖం దాచుకుంది. ఎంత భారం దిగిందో, ఏడ్చింది. అప్పుడే దాన్ని తీసుకెళ్ళి మామ్మ ముందు నిలబెట్టి, ఈ పిల్ల ఇంక చూడదు అని చెప్పి ఉండాల్సింది. నేను చెప్పలేదు. ఆవిడ పింఛను ముందు అవ్వనీ అనుకున్నాను. ఒక్కసారికే కదా అనుకున్నాను. జడ వేసి, "మర్చిపోకు, కుక్క మాట ఎత్తకు" అన్నాను.

"ఏం కుక్క?"

"ఏం లేదు. తెల్ల కుక్క. ఎత్తకు."

మంగళవారం నేను సెలవు పెట్టి గుమ్మం పక్కన నిలబడ్డాను. అప్పటిదాకా పిల్ల అరుగు మూల తల ఎత్తకుండా బొమ్మలు గీసుకుంటూ ఆవిడ మాటలూ జనం మాటలూ వింటూ ఉంది. ఆవిడ పిల్ల ఎదురుగా కూర్చుంది. మామ్మకి ఇప్పుడు చూపు మసక, వేలు మాత్రం గట్టిగానే ఉంది.

"మనిషి కనబడతన్నాడే?"

"కనబడతన్నాడు. బాగున్నాడు. దూరంగున్నాడు."

"వత్తన్నాడా?"

"రాడు."

మామ్మ 'ఊఁ' అనలేదు. "బాగా సూడు గుంటా."

"రాడు."

"దీపం కేసి కాదు, ఆకు కేసి సూడు. వత్తన్నాడా?"

పిల్ల ఆకు కేసి చూడలేదు. నాకేసి చూసింది. నేను కళ్ళు దించేసుకున్నాను. అదే తనకి సైగ అనుకుంది. "రాడు. ఆయనకి ఇంకో ఇల్లుంది."

అది నేను చెప్పింది కాదు. ఆవిడ నమ్మలేదు. ముఖంలో తెలుస్తోంది. సంచి తీసుకుని లేవబోతోంది. అప్పుడు పిల్ల అంది: "తెల్ల కుక్క ఏటి ఒడ్డునే ఉండిపోయింది. ముసలిదైపోయింది. ఆయన వెనకాల అది కూడా వెళ్ళలేదు."

ఆవిడ నోట్లో కొంగు కుక్కుకుంది. తర్వాత నా వైపు తిరిగింది. ఏడుపు మధ్యలోనే నామీద గెలిచినట్టు చూసింది.

"సూసేవా? నీకు కనబడిన కుక్కే. ఈ గుంటకి ఎవలు సెప్పేరు సెప్పు? నువ్వేమో అబద్దం, అబద్దం అన్నావు."

బుధవారం పొద్దున్నే వచ్చి వేలిముద్ర వేసింది. నేనే స్కాన్ చేసి పంపాను. లైన్లో ఉన్నవాళ్ళకి పెట్టోళ్ళ పిల్ల సంగతి మొదటి నుంచీ చెప్పింది. పింఛను మంజూరయ్యాక నాకు అటుకులు తెచ్చిపెట్టింది, పిల్లకి గౌను తెచ్చిపెట్టింది. తిరగడం మానేసింది. రాత్రిళ్ళు నిద్ర పడుతోందంది. నేను మంచి పనే చేశానని రాసుకుందామని రెండుసార్లు డైరీ తెరిచాను. చేతికి రాలేదు.

మామ్మ మాత్రం ఆ రోజే పిల్లని దగ్గరికి లాక్కుని, నాకేసి ఓరగా చూస్తూ, "నీకన్నా నయమే ఇది. ఎవరు నేర్పేరో గానీ బాగా నేర్పేరు" అంది. కుళాయి దగ్గర ఇప్పుడు తన గొంతే పైన.

మంగళవారాలు అరుగు మళ్ళీ నిండుతోంది. నిన్న సాయంత్రం నేను సెంటర్ నుంచి వచ్చేసరికి పిల్ల కొత్త గౌనుతో గుమ్మంలో కూర్చుని ఉంది. నా సంచి అందుకుని, గదిలోకి వెంట వచ్చి, తలుపు దగ్గరగా వేసింది.

"అత్తా, రేపు తుమ్మపాల నుంచి ఒకాయన వస్తాడంట. గొడ్డు పోయిందంట. ఏటి చెప్పాలి?"

ఏ రంగు గొడ్డు అని అడిగాను. అడిగిన తర్వాత గానీ ఏమడిగానో నాకు వినబడలేదు.